ద్రాక్షతీగకు కన్నీళ్ళు వచ్చిన కథ

ఒకప్పుడు ద్రాక్షతీగకు కన్నీళ్ళు ఉండేవి కావు. కొడవలి పెట్టి ఎక్కడ కోసినా ఎండుపుల్లలా పుటుక్కున తెగేది. చుక్క కూడా కారేది కాదు. "నాకేం నొప్పి? కొయ్యండి, మళ్ళీ చిగురేస్తా!" అని నవ్వేది.

ఆ కాలంలో కొండ కింది ఊళ్ళో బసమ్మ అనే ముసలావిడ ఉండేది. ఆవిడ పెరట్లో నిలువెత్తు రాతికూసాల మీద పందిరంతా అల్లుకున్న ద్రాక్షతీగ ఒకటి ఉండేది. బసమ్మ కాపురానికి వచ్చిన ఏడు తన చేత్తో నాటింది దాన్ని. అందుకే ఇద్దరికీ చనువు ఎక్కువ.

"ఏమే, ఈ ఏడు గుత్తులు తక్కువ వేశావు?" అనేది బసమ్మ.

"నీ నోట్లో దంతాలు తగ్గాయి కదా బసమ్మా, తోడుగా నేనూ తగ్గించా" అనేది తీగ.

ఫాల్గుణంలో గుత్తులు నల్లబడితే ఆ ఇంట్లో సందడే సందడి. కొడుకు చెన్నప్ప నిచ్చెన ఎక్కి గుత్తులు కోసేవాడు. మనవరాలు గంగి కింద కూర్చుని కాడలు తుంచేది. కోడలు గిరిజ పళ్ళు కడిగి, పెద్ద గుండిగలో ఉడికించి, మెదిపి, పల్చటి గుడ్డలో మూటకట్టి దూలానికి వేలాడదీసేది. కింద పెట్టిన గిన్నెలోకి తెల్లవార్లూ రసం దిగేది. టప్. టప్. టప్.

గిరిజ కొత్తకోడలుగా వచ్చిన ఏడు తొందరపడి ఆ మూట పిండబోయింది. బసమ్మ గబుక్కున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"పిండకే తల్లీ! పిండితే మడ్డి దిగుతుంది. దానంతట అది దిగాలి. అప్పుడే తేట."

మర్నాడు ఆ రసంలో పటికబెల్లం వేసి కాచేవాళ్ళు. చల్లారితే గడ్డకట్టి, గిన్నె కదిపినప్పుడల్లా తాటిముంజలా వణికేది ఆ పాకం. చూస్తేనే నోరూరేది.

కానీ ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. సోమవారం శివయ్యకు నైవేద్యం పెట్టేదాకా ఆ పాకాన్ని ఎవరూ నాలిక మీద పెట్టకూడదు. తీపి సరిపోయిందో లేదో చూడ్డానికైనా సరే, కూడదు. పందిరి మీది పిచ్చుకలు మాత్రం పళ్ళు పొడుచుకు తింటూ, "మాకు మడీ లేదు, మీ అత్తా లేదు!" అని గిరిజను ఎగతాళి చేసేవి. గిరిజ నవ్వుకునేదే గాని, ఇరవై ఏళ్ళలో ఒక్కనాడు కూడా ఆ మాట తప్పలేదు.

ఒక ఏడు మాఘమాసంలో బసమ్మ మంచం పట్టింది. ఏది పెట్టినా సయించడం లేదు. గంజి కూడా పెదవి దాటడం లేదు.

తీగ కంగారుపడి సూర్యుడిని పిలిచింది. "సూర్యుడా, కాస్త గట్టిగా కాయవయ్యా. బసమ్మ నోరు చేదుగా ఉంది. తొందరగా పండాలి నేను."

"నేను అందరికీ ఒకే ఎండ కాస్తానమ్మా. నీ ఒక్కదానికే వేరే కాయలేను" అన్నాడు సూర్యుడు బాధగా.

ఎలాగో గుత్తులు పండాయి. చెన్నప్ప కోశాడు. రసం దిగింది. ఆదివారం సాయంత్రానికి పాకం కుదిరింది. ఆ వాసన వంటింటి గడప దాటి, మంచం దాకా వెళ్ళింది.

చాలా రోజుల తర్వాత బసమ్మ కళ్ళు తెరిచింది.

"గిరిజా... పాకమా అది? ఒక్క చెంచా నాలిక మీద రాయవే."

గిరిజ చెయ్యి చెంచా దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా విన్న మాట చెవిలో గింగురుమంది.

"రేపే సోమవారం అత్తా. తెల్లారగానే స్వామికి చూపించి, మొదటి చెంచా నీకే పెడతా."

"అమ్మా, అవ్వకు ఒక్క చుక్కే కదే!" అంది గంగి.

"ఊరుకోవే!" అని కసిరింది గిరిజ.

బసమ్మ బోసినోటితో నవ్వింది. "దాన్నెందుకు తిడతావే? నేనే మర్చిపోయా చూడు. రేపే పెట్టు తల్లీ" అని కళ్ళు మూసుకుంది.

సోమవారం తెల్లారకముందే గిరిజ తలస్నానం చేసి, తడిచీరతోనే స్వామికి నైవేద్యం పెట్టి, గిన్నె పట్టుకుని మంచం దగ్గరకు పరుగెత్తింది.

"అత్తా, తెచ్చా. నోరు తెరువు."

బసమ్మ తెరవలేదు.

"అత్తా!"

ఇల్లంతా కదలకుండా ఉంది. చెంచాలో పాకం ఒక్కటే వణుకుతోంది.

ఊరంతా వచ్చింది. ఆడవాళ్ళు గిరిజను కావలించుకుని, "ఏడువు తల్లీ, ఏడిస్తే గుండె బరువు దిగుతుంది" అన్నారు. ఆమె కంట్లో చుక్క రాలేదు. "అబ్బో, అత్త పోతే కంటతడి కూడా లేదు, ఎంత గట్టి గుండో!" అని ఒకావిడ మూతి తిప్పింది. అయినా రాలేదు.

అందరూ వెళ్ళాక గిరిజ దేవుడి ముందు కూర్చుంది. "స్వామీ, నీ కోసమే కదా ఆగమన్నాను" అంది.

దీపం మెల్లగా తల ఊపింది. "ఆయన ఆగేవాడే గిరిజా. ఆయనకు ఆకలెక్కడిది? ఆగలేనిది మీ అత్తే."

ఆ సంగతి దీపం చెప్పక ముందే గిరిజకు తెలుసు. తెలుసు గనకే ఆమె కళ్ళు ఎండిపోయాయి.

ఆ ఏటి పాకం జాడీలోనే ఉండిపోయింది. ఎవరికీ ముట్టుకోబుద్ధి కాలేదు. ఎండలు పోయాయి. వానలు వచ్చి వెళ్ళాయి. ఆశ్వయుజం వచ్చింది. తీగ కొమ్మలు కోసే కాలం. ఆ పని ఎప్పుడూ బసమ్మదే. ఇప్పుడు ఆ కొడవలి గిరిజ చేతికి వచ్చింది.

పందిరి కింద నిలబడి ఆమె అంది, "నీ పళ్ళు ఆవిడ నోటిదాకా చేర్చలేకపోయాను. నా మీద కోపంగా ఉందా?"

"నేను ఒక్క వారం ముందు పండినా చేరేవి" అంది తీగ. "ఆ బాధ నాకూ ఉంది. అది సరే, నువ్వెందుకు ఏడవలేదు గిరిజా?"

"రావడం లేదు. ఏడువు, ఏడువు అని అందరూ పిండారు. నన్ను నేనే పిండుకున్నాను. రాలేదు."

"పిండితే మడ్డే దిగుతుంది. బసమ్మ చెప్పలేదూ? ఊరికే ఉండు. నీ పని నువ్వు చెయ్యి."

గిరిజ కొడవలి పెట్టి ఒక కొమ్మ కోసింది.

కోసిన చోట చిన్న తడి మెరిసింది. అది చుక్కగా ఊరింది, వేలాడింది, ఆమె చేతి మీద పడింది. టప్. తేటగా ఉంది, గుడ్డలోంచి దిగిన రసం కన్నా తేటగా. వెనకే మరొకటి.

"ఇదేమిటే! నీకెప్పుడూ ఇలా రాలేదే?"

"నాకూ తెలియదు గిరిజా" అంది తీగ. "కోసింది బసమ్మ చెయ్యి కాదని తెలిసింది. వచ్చేసింది. నీకు కన్నీళ్ళు వచ్చేదాకా నేను కారుస్తూ ఉంటాలే."

గిరిజ కొడవలి పక్కన పెట్టి, ఆ కొమ్మ కింద దోసిలి పట్టి కూర్చుంది. టప్. టప్. టప్. ఆ చప్పుడు వింటూ అలాగే ఉండిపోయింది.

చాలాసేపటికి గంగి వచ్చింది. "అమ్మా, నీ చెంపలు తడిసిపోయాయి."

"తీగ నీళ్ళే పడ్డాయి."

"తీగ నీళ్ళు దోసిట్లో కదే పడుతున్నాయి?" అంది గంగి.

గిరిజ చెంప తడుముకుంది. కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, అప్పుడు, "అత్తా!" అని గొంతెత్తి ఏడ్చింది.

మరుసటి ఏడు ఆ ఇంట్లో పాకం కాచినప్పుడు, గిరిజ ఆదివారం సాయంత్రమే మొదటి చెంచా తీసుకెళ్ళి పక్కింట్లో మంచాన ఉన్న ముసలాయనకు పెట్టి వచ్చింది. సోమవారం మిగిలింది స్వామికి పెట్టింది. దీపం ఎప్పటిలాగే నిండుగా వెలిగింది.

అప్పటినుంచే, కొమ్మలు కోస్తే ద్రాక్షతీగ ఏడుస్తుంది. ఎవరూ పిండనక్కర్లేదు. దానంతట అదే, తేటగా, చుక్కా చుక్కా, కొన్నాళ్ళపాటు దిగుతుంది. ఆ నీళ్ళన్నీ దిగాకనే కొత్త చిగురు వేస్తుంది.