దస్తగిరి మేస్త్రి పోసిన తొలి ఆయిలు

"ఒరే యల్లమందా! బయటికి రారా! నా బండిని చంపేశావు గదరా!"

వీధి మొదట్నుంచే వినపడిందా కేక. పిడుగురాళ్ళలో ఆ గొంతు తెలియని వాళ్ళు లేరు. రూతమ్మది. సున్నం బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ళని పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం తీసుకొచ్చే డీజిల్ ఆటో ఆమెదే. ఆ పూట మాత్రం ఆటో ఆమెని మొయ్యట్లేదు, ఆమే ఆటోని తోసుకొస్తోంది. వెనకాల నలుగురు కూలీ ఆడవాళ్ళు చీరకొంగులు దోపుకుని ఆపసోపాలు పడుతున్నారు.

అదీ ఎప్పుడనుకున్నారు? యల్లమంద సొంత షెడ్డు తెరిచే రోజు, సరిగ్గా ముహూర్తం వేళకి!

దస్తగిరి మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎవరు షెడ్డు పెట్టుకున్నా మేస్త్రి వచ్చి మొదటి బండిలో తన చేత్తో ఆయిలు పొయ్యాలి. ఆయన పోశాకే అది షెడ్డు కింద లెక్క. అప్పటిదాకా వచ్చినవాళ్ళకి అన్నం కూడా వడ్డించరు. పొయ్యకుండా లేచి వెళ్ళిపోయాడంటే, ఇక ఆ షెడ్డు ముందు ఏ డ్రైవరూ బండి ఆపడు. ఇద్దరికి అట్టా జరిగింది కూడా.

యల్లమంద ఆయన దగ్గర పదకొండేళ్ళు చేశాడు. మంచి పనివాడు, అదే వీధిలో ఉండే నేను కాదనను. ఏడాదిగా విడిగా ఇంటి ముందే బళ్ళు చూసుకుంటున్నాడు. అప్పట్నుంచే కాస్త తల ఎగరేయడం మొదలైంది. గుంటూరు పోయి రంగురంగుల స్టిక్కర్లు అచ్చు వేయించుకొచ్చాడు. ఆయిలు మార్చినప్పుడల్లా మీటరు పక్కన ఒకటి అంటించి, మళ్ళీ ఏ నంబరుకి రావాలో రాసేవాడు. అందరికీ ఒకటే లెక్క, అయిదు వేల కిలోమీటర్లు. అందరికీ ఒకటే ఆయిలు, కొత్త కార్లలో పోసే పలచటిది, ఉన్నవాటిల్లోకెల్లా ఖరీదైంది.

ఇంజన్లో ఆయిలు ఎంతుందో, ఎట్టా ఉందో చూసుకోడానికి ఒక ఇనప పుల్ల ఉంటుంది కదా. "ఆ పుల్ల తీసి చూసే కాలం పోయింది మేస్త్రీ" అనేవాడు నవ్వుతూ. మేస్త్రి కూడా నవ్వేవాడు.

సరే, రూతమ్మ వచ్చేసరికి షెడ్డు ముందు ఏముందీ? యల్లమంద బావమరిది శ్రీనాథు కొత్త ఆటో, దానికి బంతిపూల దండ. మేస్త్రి చేతిలో ఆయిలు డబ్బా, మూత తీసి ఉంది. వెనకాల పొయ్యి మీద కోడికూర.

"ఏమైందక్కా?" అన్నాడు యల్లమంద.

"ఏమైందా? సున్నం గుట్ట ఎక్కుతా ఉంటే గర్రుమని పట్టేసింది. రేపు వీళ్ళందర్నీ నువ్వు మోస్తావా, భుజాన?"

యల్లమంద గబగబా మీటరు దగ్గరికి పోయాడు. "చూడండి మేస్త్రీ, నా తప్పేం లేదు. స్టిక్కరు నంబరుకి ఇంకా పదకొండు వందల కిలోమీటర్లుంది."

"ఇదే మాట!" అంది రూతమ్మ. "ఆయిలు మార్చమని మూడుసార్లొచ్చాను. మూడుసార్లూ 'ఇంకా పదకొండు వందలుందక్కా, అప్పుడే ఎందుకు' అన్నాడు."

మేస్త్రి మెల్లగా అడిగాడు. "మూడుసార్లూ పదకొండు వందలేనా?"

యల్లమంద మళ్ళీ మీటరు వైపు తిరిగాడు.

మేస్త్రి వంగి ముందు చక్రం దగ్గర వేలు చూపించాడు. మీటరు వైరు తెగి వేలాడుతోంది. దాని కొస సున్నం పట్టి తెల్లగా గడ్డకట్టి ఉంది. ఎన్ని నెలల కిందట తెగిందో, అప్పట్నుంచీ మీటరు కదల్లేదు!

తర్వాత ఇంజన్లోంచి పుల్ల బయటికి లాగాడు. పైనంతా పొడి. కొసన మాత్రం నల్లటి జిడ్డు ఒక్క చుక్క. మేస్త్రి చెయ్యి చాపి యల్లమంద చొక్కా జేబులోంచి కొత్త స్టిక్కరొకటి తీసి, ఆ చుక్కని దాని మీద అద్ది, మళ్ళీ అదే జేబులో పెట్టాడు. కొత్త తెల్ల చొక్కా. జేబు మీద నల్ల మచ్చ దిగింది.

అప్పుడు మేస్త్రి ఆయిలు డబ్బాకి మూత బిగించి, స్టూలు మీద కూర్చున్నాడు.

"మేస్త్రీ, ముహూర్తం దాటిపోతోంది" అన్నాడు శ్రీనాథు. "ఆ పాత బండి సంగతి రేపు చూడొచ్చు. నా దాంట్లో కాస్త పోసెయ్యండి, అవతల కూర అడుగంటేట్టుంది."

మేస్త్రి యల్లమంద వైపు చూశాడు. 

యల్లమంద జేబు మీద మచ్చని చూసుకున్నాడు. చొక్కా విప్పి కొయ్యకి తగిలించాడు. "బావా, నీ బండి పక్కకి తియ్యి. రూతక్కా, నీది లోపలికి."

"మరి ముహూర్తమో?" అన్నాడు శ్రీనాథు.

"ఈ బండి నడిచినప్పుడే ముహూర్తం."

ఇంకేముంది, పానాలు, స్క్రూడ్రైవర్లు చేతికొచ్చాయి. ఇంజను మీది హెడ్డు విప్పాడు, పిస్టను లాగాడు. దేవుడి దయ, పిస్టను ఆడే బోరు బాగానే ఉంది, పిస్టను చుట్టూ ఉండే రింగులే పోయాయి. శ్రీనాథు తన పూలదండ బండి వేసుకుని వెళ్ళి కొత్త రింగులు తెచ్చాడు. గాలి ఫిల్టరు దులిపితే గుప్పెడు సున్నం రాలింది. పన్నెండైంది, రెండైంది. చుట్టాలు గొణుగుతున్నారు. యల్లమంద తల ఎత్తలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. మేస్త్రీ తాగలేదు, అది నేను గమనించాను.

నాలుగింటికి బిగింపు అయిపోయింది.

మేస్త్రి లేచాడు. "ఏ ఆయిలు?"

యల్లమంద చెయ్యి అలవాటుగా పలచటి డబ్బా మీదికి పోయి ఆగింది. "అక్కా, నీ బండికి ఎన్నేళ్ళు?"

"తొమ్మిది."

"బట్టీ దగ్గర మనుషులు దిగేటప్పుడు ఇంజన్ ఆపుతావా?"

"ఆపితే మళ్ళీ స్టార్టవదని ఆపను."

"గుట్ట ఎక్కేటప్పుడు ఎంతమంది?"

రూతమ్మ కూలీ ఆడవాళ్ళ వైపు చూసింది. అందులో ఒకామె నవ్వింది. "చెప్పు వదినా, పోలీసులు లేరులే!"

"పది మంది" అంది రూతమ్మ.

"అయితే ఇట్టా కాగే ఇంజన్లో పలచటిది నిలవదు" అంటూ యల్లమంద చిక్కటి ఆయిలు డబ్బా తీసి మేస్త్రి ముందు పెట్టాడు.

"మళ్ళీ ఎప్పుడు మారుస్తావు?" అన్నాడు మేస్త్రి.

"ఇప్పుడే చెప్పలేను మేస్త్రీ. అక్కా, ముందు ఆ మీటరు వైరు వేస్తాను. ఆదివారం ఆదివారం చర్చి అయ్యాక ఇటు రా. పుల్ల తీసి నేనే చూస్తా. పుల్ల చెప్పాక నేను చెబుతా."

మేస్త్రి మూత తిప్పాడు. ఆయిలు తేనెలాగా, తొందర లేకుండా దిగింది. రూతమ్మ స్టార్టు చేసింది. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. ఆ చప్పుడికి పొయ్యి దగ్గరున్న వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు!

షెడ్డులోనే చాపలు పరిచారు. మేస్త్రి, రూతమ్మ, సున్నం కొట్టుకున్న చీరలతో ఆ నలుగురూ, చుట్టాలు, నేను, అందరం ఒకటే వరసలో కూర్చున్నాం. చేతులు కడుక్కుని యల్లమందే అన్నం గిన్నె పట్టుకొచ్చాడు. వరస మొదట్లో మేస్త్రి. గరిటె నిండా తీశాడు, ఆగాడు.

"మేస్త్రీ, ఎంత పెట్టమంటారు?"

దస్తగిరి మేస్త్రి విస్తరి ముందుకు జరిపాడు. "అడిగావు గదా. ఇక పెట్టు. పెట్టి నువ్వూ కూర్చో."