ఒత్తు తప్పిన శొంఠి

నీలాద్రిపురం రాజు కేదారవర్మకు గోల పడదు. కోటను ఆనుకునే సర్కారు అంగడి. "ఉప్పు! పప్పు! బెల్లం!" అని జనం అరుస్తుంటే ఆయనకు మధ్యాహ్నం కునుకు పట్టడం లేదు. ఒకరోజు విసిగిపోయి ఆజ్ఞాపించాడు.

"రేపటి నుంచి అంగట్లో ఎవరూ నోరు విప్పకూడదు. కావలసిన సరుకు పేరు చీటీ మీద రాసి కిటికీలో వేయాలి. లోపలి నుంచి సరుకు రావాలి. అంతే!"

చీటీలు చదివే పని ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రికి అప్పగించారు. ఆయన మెడలో మూడు బిరుదు పతకాలు. నాలుగోది ఇంకా రాలేదని బెంగ. సరుకుల పేర్లన్నీ ఒక పట్టీగా రాసి ఎదురుగా పెట్టుకున్నాడు. చీటీలోని మాట అక్షరం తేడా లేకుండా పట్టీలో కనబడితే సరే. లేకపోతే "అటువంటి వస్తువు లేదు" అని చీటీ బయటికి విసిరేసేవాడు.

'దనియాలు' అని రాసినవాడు ఖాళీ సంచీతో పోయాడు. 'జిలకర' అని రాసినావిడా అంతే. 'ఇంగవ' అని రాసిన ముసలాయనకు శాస్త్రి 'లేదు' అని చెబుతుంటే, ఇంగువ వాసన కిటికీలోంచి గుప్పుమని ఆయన ముక్కుకు కొడుతూనే ఉంది.

నేతపని చేసుకునే సూరమ్మ అత్తగారికి దగ్గు పట్టుకుంది. కషాయానికి శొంఠి కావాలి. 'సొంటి' అని రాసింది. లేదన్నాడు. ఆలోచించి 'శొంటి' అని రాసింది. లేదన్నాడు. 'సొంఠి' అని రాసింది. అదీ లేదన్నాడు.

లోపల తూకాలు చూసే గవరయ్య ఉండబట్టలేక గుప్పెడు శొంఠి కొమ్ములు తీసుకొచ్చి చూపించాడు.

"అయ్యవారూ, ఆవిడ అడిగేది ఇదే."

"నోరు ముయ్యి! ఆమె అడిగింది సొంఠి. అది ఈ లోకంలోనే లేదు" అన్నాడు శాస్త్రి.

పక్షం తిరిగేసరికి అంగడికి వచ్చేవాళ్ళు లేరు. పప్పుకు పురుగు పట్టింది. జనం పొరుగు రాజ్యం సంతకు వెళుతున్నారని తెలిసి రాజు సభ పిలిచాడు. సూరమ్మ కూడా మొర పెట్టుకోవడానికి వచ్చింది.

"మారాజా, మా అత్త దగ్గి దగ్గి రక్తం కక్కేలా ఉంది. సరుకు లోపలే ఉంది, నాకే ఇవ్వరు" అని కళ్ళు తుడుచుకుంది.

శాస్త్రి పెదవి విరిచాడు. "ప్రభూ, లోపం అంగడిది కాదు, ఈ మూర్ఖులది. చీటీలో తప్పు రాసినవాడికి పది కొరడా దెబ్బలు వేయించండి. నెల తిరిగేలోగా రాజ్యమంతా పండితులే!"

రాజు తల ఊపాడు. సూరమ్మ ముఖం పాలిపోయింది. అప్పుడు గవరయ్య ముందుకొచ్చాడు.

"ప్రభూ, తప్పు రాసినా మనిషికి ఏం కావాలో తెలుస్తుంది. కాస్త చూడాలంతే."

"తెలుస్తుందా?" అంటూ శాస్త్రి గబగబా ఒక చీటీ గీకి ఇచ్చాడు. "చదువు!"

అందులో 'ఆవలు నాలుగు గిద్దెలు' అని ఉంది.

"ఆవులా, ఆవాలా? ఇప్పుడు చెప్పు!"

"గిద్దెతో ఆవుల్ని కొలిచే ఊరేదో చూపించండి, తోలుకొస్తాను."

సభ గొల్లుమంది.

శాస్త్రి తగ్గలేదు. "గిద్దెలు రాయకపోతే?"

"ఆవాలు చేత్తో పట్టుకుని, 'అమ్మా, నీకు కావలసింది ఇవేనా?' అని అడుగుతాను."

"అడుగుతాడట! అక్షరం మారితే వస్తువే మారిపోతుంది ప్రభూ. ఊహలతో రాజ్యం నడుస్తుందా?"

"అదీ నిజమే" అన్నాడు రాజు.

గవరయ్య చేతులు జోడించాడు. "ఓడిపోయాను. ఇంత నిక్కచ్చి మనిషికి ఒక అగ్రహారం ఇవ్వాల్సిందే. అయితే లేఖకుడు రాయడం కాదు, ప్రభువులు స్వహస్తాలతో రాసివ్వాలి. అప్పుడే అది ఆయనకు అందం."

శాస్త్రి ఛాతీ ఉబ్బింది. రాజుకు ముచ్చటేసింది. ఆయన గంటం పట్టి పదేళ్ళయింది. నాలుక కొరుక్కుంటూ తాటాకు మీద రాసి ఇచ్చాడు.

గవరయ్య ఆకు చూసి సభంతా కలయజూశాడు.

"విరుపాక్షశాస్తి ఎవరండీ? విరుపాక్షశాస్తి!"

"నేనేరా, ఇలా ఇవ్వు" అని శాస్త్రి చెయ్యి చాపాడు.

గవరయ్య ఆకు వెనక్కి లాక్కున్నాడు. "తమరు విరూపాక్షశాస్త్రి. ఇందులో దీర్ఘం లేదు. చివర రావత్తు లేదు. ఇక్కడున్నది ఉత్త శాస్తి. అటువంటి మనిషి లేడు."

"అది... ఏదో..."

"ప్రభువులు తప్పు రాశారంటారా?"

"శివశివ! నేనెక్కడన్నాను?"

"పోనీ తమరి పేరే శాస్తి అంటారా?"

"కాదు!"

"అయితే అగ్రహారం లేదు."

చేతికందిన అగ్రహారం జారిపోతోంది. శాస్త్రి ఇక ఆగలేకపోయాడు.

"ఓరి మూర్ఖుడా! దీర్ఘం పోతే నేను పోతానా? ఎవరికి ఇస్తున్నారో పసివాడికైనా తెలుస్తుంది కదరా!"

గవరయ్య తాపీగా అన్నాడు:

"దీర్ఘం, రావత్తు రెండూ పోయినా తమరు మాకు దొరికారు. ఒక్క అక్షరం తప్పితే సూరమ్మకు శొంఠి ఎందుకు దొరకలేదు?"

రాజు ఆకు తెప్పించుకుని తన రాత తనే చూసుకున్నాడు. ముందు ముఖం కందింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"శాస్త్రిగారూ, మీ మాట వినుంటే మొదటి పది దెబ్బలూ నా వీపుకే!"

దాంతో సభంతా పగలబడి నవ్వింది. రాజు తన కంకణం తీసి గవరయ్య చేతికి తొడిగి, అంగడి అతనికే అప్పగించాడు. సూరమ్మ కొంగు నిండా శొంఠి పోయించాడు.

"మరి నా అగ్రహారం?" అన్నాడు శాస్త్రి గొణుగుతూ.

"తప్పకుండా ఇస్తాం. ఆ శాస్తిగారు ఎక్కడున్నారో వెతికి తీసుకురండి!"