పైడమ్మ ఉన్న కథ

మార్కండేయులు హరికథ ఎత్తుకున్నాడంటే వెయ్యిమంది జనం నోళ్ళు తెరుచుకుని కూర్చోవాల్సిందే. ఆ గొంతు అలాంటిది. ఆ సంగతి అందరికన్నా బాగా ఆయనకే తెలుసు. ఏం లాభం? ఏడేళ్ళ కన్నకూతురు పైడమ్మని ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టడం మాత్రం ఆయన తరం కాలేదు.

పిల్లది పొగరు కాదు, కుదురుగా కూర్చోనివ్వని ఏడీహెచ్‌డీ అన్నారు డాక్టరమ్మ. ఎక్కడికైనా తీసుకెళ్ళేముందు అక్కడ జరగబోయేది చిన్న కథలా చెప్పండి అన్నారు.

"కథలా? నాకా చెబుతున్నారు!" అనుకున్నాడు మార్కండేయులు. ఇంటికొచ్చి, రాతిమీద కదలకుండా కూర్చుని దేవుణ్ణి మెప్పించిన రాజకుమారి కథ మొదలెట్టాడు. పద్యాలు పాడాడు, తాళం వేశాడు, గంటన్నర లాగించాడు. అందులో అల్లరి చేసిన చెల్లెలు శాపం తగిలి కప్పయిపోయింది. పైడమ్మకి అదొక్కటే నచ్చింది. మూడు రోజులు ఇల్లంతా కప్పలా గెంతింది.

కిందటి నెల రాజాంలో కథ జరుగుతుంటే, మంచి పట్టుమీదున్న సమయంలో వేదికెక్కి తండ్రి చేతిలో చిరతలు లాక్కుపోయింది. జనం పడీపడీ నవ్వారు. అందుకే రేపటి కథకి పిల్లని పక్కింట్లో వదిలి వెళ్ళాలని నిశ్చయించాడు.

"నేనూ వస్తాను నాన్నా! నీ కథ వింటాను!" పైడమ్మ పంచె పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వదిలి వెళ్ళడానికి మార్కండేయులుకి మనసొప్పలేదు. పిల్లని వెంటబెట్టుకుని తన గురువు పరాంకుశం దాసుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయనకి ఎనభై ఏళ్ళు. అరుగుమీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

"మీరైనా దీనికి బుద్ధి చెప్పండి గురువుగారూ. నేను చెప్పని కథ లేదు."

గురువుగారు బుద్ధి చెప్పలేదు. పిల్ల చేతిలో నాలుగు గింజలు పోసి, మామూలు గొంతుతో మొదలుపెట్టారు.

"రేపు సాయంత్రం పైడమ్మ నాన్న కథకి వెళ్తుంది. ముందువరసలో ఈ తాతయ్య పక్కన కూర్చుంటుంది. మైకు గుయ్యిమంటుంది. కథ పొడుగ్గా ఉంటుంది. పైడమ్మ కాళ్ళకి పరుగెత్తాలనిపిస్తుంది. అది తప్పు కాదు. అప్పుడు పైడమ్మ తాతయ్య చెయ్యి రెండుసార్లు నొక్కుతుంది. ఇద్దరూ వెనకున్న నీళ్ళ కుండ దాకా నడిచి, మళ్ళీ వచ్చి కూర్చుంటారు. నాన్నకి సంతోషంగా ఉంటుంది."

అరుగు చివర వేలాడుతున్న పైడమ్మ దిగొచ్చింది. "మళ్ళీ చెప్పు తాతా."

గురువుగారు మళ్ళీ చెప్పారు. ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. ఆరోసారి చెబుతుంటే పైడమ్మ కూడా కలిసి చెప్పింది.

మార్కండేయులుకి ఒళ్ళు మండింది. "ఇదేం కథండీ? రాజు లేడు, పద్యం లేదు, నీతి లేదు."

"పైడమ్మ ఉంది కదురా" అన్నారు గురువుగారు.

మర్నాడు సాయంత్రం కథ మొదలైంది. మార్కండేయులు ఒక కన్ను జనంమీద, ఒక కన్ను కూతురుమీద వేసి పాడాడు. పావుగంటకి పైడమ్మ తాతగారి చెయ్యి నొక్కింది. ఇద్దరూ నీళ్ళ కుండ దాకా వెళ్ళొచ్చారు. మరో పావుగంటకి మళ్ళీ. ఆ తరవాత ఇంకోసారి. పాపం, ఆ పెద్దాయన మోకాళ్ళు పట్టుకుని లేవడం, కూర్చోవడం! పిల్ల మాత్రం వేదికవైపు రాలేదు.

మార్కండేయులుకి ఎక్కడలేని హుషారొచ్చింది. ఉన్న రాగమాలికకి ఇంకో మూడు రాగాలు తగిలించి, ఒకే పద్యాన్ని అరగంట సాగదీశాడు. సరిగ్గా అప్పుడే తాతా మనవరాలూ నాలుగోసారి లేచి నీళ్ళ కుండవైపు నడిచారు.

హారతి అయిపోయింది. పైడమ్మ పరుగెత్తుకొచ్చి తండ్రిని చుట్టేసుకుంది. "నాన్నా, కథంతా ఉన్నాను!" మార్కండేయులు పిల్లని ఎత్తుకుని గురువుగారి దగ్గరికొచ్చాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"మీ మేలు మరిచిపోలేను గురువుగారూ. కానీ అంత మంచి పద్యంలో కూడా దీనికి కాళ్ళు ఆగలేదా?"

"పిల్లని అనకురా" అన్నారు గురువుగారు, మోకాళ్ళు రుద్దుకుంటూ. "ఆసారి చెయ్యి నొక్కింది నేను."