మంత్రిగారి ఉప్పులేని గంజి

తాళ్ళకోట రాజు మకరధ్వజుడికి ఆ పొద్దు పెరుగుచుక్క మీద మోజు పుట్టింది. సముద్రం దాటి వచ్చిన పండితుడొకడు దాన్ని భూతద్దం కింద పెట్టి బ్యాక్టీరియాలను చూపించాడు మరి.

"ప్రభూ, ఒక్కో బ్యాక్టీరియా ఒళ్ళంతా కలిపి ఒకటే గది. దాని పనులన్నీ రాసి ఉన్న అసలు గ్రంథం నుంచి నకలు తీసిన ఆజ్ఞలు అందులో తిరుగుతుంటాయి. వాటిని ఆర్‌ఎన్‌ఏ అంటాం. కొన్నిటిని కత్తిరించి సరిచేయాలి, పని తీరినవాటిని నాశనం చేయాలి. చాలా బ్యాక్టీరియాల్లో మెలిక విప్పేది, కోసేది, నమిలేసేది ఒకే జట్టు. కొన్నిటిలో ఆ జట్టు లోపలి పొరను అంటిపెట్టుకునే ఉంటుంది. పాత ఆజ్ఞ నిమిషాల్లో మాయం!"

రాజు నోరు తెరిచాడు. "మరి మన కోటలో పాత ఆజ్ఞలు ఏళ్ళ తరబడి చావవేం?"

ఆజ్ఞల మంత్రి దండపాణి మీసం దువ్వాడు.

"తప్పు ఆజ్ఞలు రాసిన తాటాకులు మోసేవాళ్ళది, ప్రభూ. నా పద్ధతికి వంక లేదు. తూర్పు కచేరీలో కట్ట విప్పుతారు, పడమటి కచేరీలో కోస్తారు, కోట బయటి కచేరీలో కాలుస్తారు. మూడు నెలల్లో పని పూర్తి."

మూడు కచేరీలకూ అధిపతులు ఆయన అల్లుళ్ళే.

"అయితే మోసేవాళ్ళను రేపటి నుంచి రావద్దనండి," అన్నాడు రాజు.

ఆ మాట తాటాకులు మోసే పేరిందేవి చెవిన పడింది. పదేళ్ళుగా ఆ కచేరీల మధ్య తిరిగి ఆమె కాళ్ళు అరిగిపోయాయి. ఏడుస్తూ కూర్చోలేదు. పాత కట్టలు గబగబా వెతికి, ఒక తాటాకు పట్టుకుని వంటశాలకు నడిచింది.

మధ్యాహ్నం విందు. అందరి విస్తళ్ళలో పులిహోర, బూరెలు, గుత్తివంకాయ. దండపాణి ముందు మాత్రం ముంతెడు గంజి.

"ఏమిటిది?" అని గర్జించాడు మంత్రి.

పేరిందేవి తాటాకు చూపించింది. "మూడేళ్ళ కిందట తమరికి జ్వరం వచ్చింది కదండీ. ఉప్పులేని గంజి తప్ప ఏమీ పెట్టొద్దని మహారాజుగారి ఆజ్ఞ. ఇది ఇంకా బతికే ఉంది. వంటవాళ్ళు మరిచిపోతే నేనే గుర్తుచేశాను."

"ఆ జ్వరం అప్పుడే తగ్గింది! ఇప్పుడే, ఇక్కడే చించిపారేయ్!"

పేరిందేవి చేతులు జోడించింది.

"అమ్మో, తమరి పద్ధతి తప్పుతానా? విప్పి, కోసి, కాల్చేసరికి మూడు నెలలు. అందాకా గంజి చల్లారకుండా చూసుకుంటాం."

సభ గొల్లుమంది. నవ్వి నవ్వి రాజుకు పొలమారింది.

"ముగ్గురు అల్లుళ్ళనూ ఒకే గోడ పక్కన కూర్చోబెట్టండి! పొద్దున పనయిన ఆజ్ఞ సాయంత్రానికి బూడిద కావాలి," అంటూ తన కంకణం తీసి పేరిందేవికిచ్చాడు. "వాళ్ళ మీద అజమాయిషీ నీదే."

దండపాణి బూరెల వైపు చూసి గుటకలు మింగాడు. "తల్లీ, ముందు ఈ గంజి సంగతి..."

"సాయంత్రానికల్లా అయిపోతుందండీ, మంత్రిగారూ!"