మూలనున్న చెంబు

సంగయ్యకు సిద్ధి కలిగిందని మఠంలో అందరికన్నా ముందు కనిపెట్టినవాడు నిరంజనుడు.

గురువు మరుళయ్య వానాకాలమంతా పొరుగు మఠంలో ఉండి, ఆ రోజే తిరిగి వచ్చారు. ఆయన కాళ్లు కడుక్కుంటుండగానే శిష్యుడైన నిరంజనుడు ఈ కబురు చెప్పాడు.

"సంగయ్యగారు కోరికను గెలిచారు స్వామీ. పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. కోపం లేదు, అలక లేదు. పొద్దస్తమానం అలా కూర్చునే ఉంటారు."

సంగయ్యకు చేతుల వణుకు పట్టుకుని రెండేళ్లయింది. అంతకుముందు కొండ మెట్లెక్కడంలో ఆయన్ను మించినవాడు లేడు. ఆ మఠంలో ఎవరి పూజకు కావలసిన నీళ్లు వాళ్లే కొండమీద రాతిగుంటలో నీరూరే దొన నుంచి తెచ్చుకోవాలి. గురువుకైనా అదే నియమం. చిన్నప్పుడు ఆ మెట్లకు జడిసి ఏడ్చిన నిరంజనుణ్ణి వేలు పట్టుకుని ఎక్కించింది సంగయ్యే.

ఇప్పుడు సంగయ్య చెంబు మూలన బోర్లించి ఉంది. ఎవరైనా ఆయన్ను లేపబోతే తపోభంగమని నిరంజనుడు అడ్డుపడేవాడు. అంతటితో ఊరుకున్నాడా, వచ్చిన భక్తులచేత మొక్కించాడు కూడా. భక్తి ముదిరితే కళ్లు మూసుకుపోతాయి కాబోలు.

గురువు వెళ్లి సంగయ్య ఎదురుగా కూర్చున్నారు.

"సంగయ్యా, దొనకు పోదాం, లే."

"ఎందుకు?" అన్నాడు సంగయ్య. ఆ గొంతులో విసుగు లేదు, దిగులూ లేదు.

గురువు ఆయన్ను మెల్లగా పక్కకు వాల్చి పంచె తొలగించారు. తుంటిమీద అరచేతంత పుండు. పిక్కలు కరిగిపోయి ఎముకలు తేలాయి.

నిరంజనుడు వంగి చూశాడు. "నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు స్వామీ!"

"నువ్వు అడిగావా?"

పుండు కడిగి కట్టు కట్టాక, ఇద్దరూ చెరో చంక కింద చెయ్యేసి ఆయన్ను లేపారు. అడుగు పడలేదు. పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు నిలబడిపోయాడు.

"వద్దు స్వామీ, ఆయనకు ఇష్టం లేదు" అన్నాడు నిరంజనుడు ఏడుపు గొంతుతో.

"ఆ ఇష్టాన్నే రోగం తినేసింది. నాకు ఇష్టం ఉంది. ఇవాళ్టికి సంగయ్యా నేనూ దాంతోనే నడుస్తాం."

సంగయ్యను శిష్యుడికి పట్టించి, గురువు మూలనున్న చెంబు తీసుకుని దానిమీద ఉంగరంతో తాళం వేయసాగారు. టంగు. టంగు. సంగయ్య కుడిపాదం కదిలింది. కాసేపటికి ఎడమది. అలా గడప దాటి, మొదటి మెట్టుదాకా వచ్చారు. అక్కడ ఆయన మోకాళ్లు వంగిపోయాయి.

నిరంజనుడు ఆయన్ను మెట్టుమీద కూర్చోబెట్టి, ఆశగా ముఖంలోకి చూశాడు. ఎదురుగా కొండ ఉంది. అటు చూస్తున్న కళ్లలో ఏమీ లేదు.

"నయమవుతుందా స్వామీ?"

"అవదు."

"రేపు తనంతట తాను లేస్తారా?"

"లేవడు."

గురువు చెంబును శిష్యుడి చేతుల్లో పెట్టారు.

"రేపు ఆయన కోసం నువ్వు లేచి రా."