గవిరమ్మ మలుపు

కొండకు ఒకటే దారి, ఆ దారికి ఒకటే బస్సు ఉన్న రోజుల మాట. మాకు ముందువాళ్ళు చెప్పారు, మేం మీకు చెబుతున్నాం.

కొండ కింద గవిరమ్మ ఉండేది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. ఎండుచేపల గంపతో కొండ మీది సంతకు పోయేది.

బస్సు పల్లం దారిలో బాగానే వచ్చేది. ఘాటు రోడ్డు మొదట్లో గవిరమ్మ ఎక్కేది. ఎక్కిన కాసేపటికే ముందువైపు, కాళ్ళ కింద, చప్పుడు మొదలయ్యేది. టక్కు. టక్కు. అందరూ గవిరమ్మ వైపు చూసేవాళ్ళు.

డ్రైవరు సూరన్న ఎన్నోసార్లు బస్సు ఆపి, కింద దూరి చూశాడు. నిలబడిన బస్సులో అన్నీ బిగువుగానే కనబడేవి. దాంతో అతనికీ ఆమె మీదే అనుమానం పట్టుకుంది.

ఒక సంతకు ఆమె గంప విప్పించారు. చేపలే ఉన్నాయి. గంపను బస్సు మీదికెక్కించారు. టక్కు. టక్కు.

మరో సంతకు ఆమెను వెనక సీటుకు పంపారు. పక్కన ఎవరూ కూర్చోలేదు. టక్కు. టక్కు.

మూడో సంతకు, ఈ మనిషి ఉండగా బస్సు బాగుపడదని, ఘాటు మధ్యలో దింపేశారు. గంప బస్సు మీదే ఉండిపోయింది.

గవిరమ్మకు ఏడుపు రాలేదు. భయం వేసింది. గంపను వీళ్ళు లోయలోకి విసిరేస్తారేమోనని అడ్డదారిన పరుగెత్తింది. బస్సు మలుపులు చుట్టి వచ్చేసరికి ఆమె పైమలుపులో నిలబడి ఉంది. అక్కడ మొదటిసారి ఆ బస్సును బయటి నుంచి చూసింది. చప్పుడు విన్నది. ఇంకో మలుపుకు పరుగెత్తింది. మళ్ళీ చూసింది. మూడో మలుపులో చేతులు చాచి దారికి అడ్డం నిలబడింది.

శాపం పెట్టడానికొచ్చిందని బస్సులో గుసగుసలు. సూరన్న దారి వదలమన్నాడు. ఆమె కదలలేదు.

"నన్ను దింపీసినారు గదా నాయినా. సప్పుడు దిగిందేటి?"

ఆమె దిగాక కూడా చప్పుడు ఆగలేదని లోపలివాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ పైకి అనలేదు.

"ఎడంపక్క ముందు సక్రం. మలుపులో ఊగతంది. గోతిలో పడితే కొట్టుకుంటంది. ఎత్తి సూసుకో."

సూరన్నకు నమ్మకం కుదరలేదు. అయినా జాకీ పెట్టి చక్రం లేపాడు. పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపాడు. టక్కు. చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే పిన్ను అరిగి, ఊడిపోవడానికి సిద్ధంగా ఉంది. పక్కనే లోయ.

"బండెక్కు అప్పా," అన్నాడు, సొంత అక్కను పిలిచినట్టు. "బాగు చేసినాకే కదుల్తాం."

గవిరమ్మ ఎక్కలేదు. గంప దింపించుకుంది. అందరి ముందూ విప్పి, చేపలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుంది. తలకెత్తుకుని నడిచి వెళ్ళిపోయింది. చచ్చేదాకా ఆ బస్సెక్కలేదు. వాళ్ళు ఎన్నిసార్లు ఆపి పిలిచినా సరే, గంప గట్టిగా పట్టుకుని పక్కకు తప్పుకునేది.

ఆమె పోయాక ఆ మలుపుకు ఆమె పేరే నిలిచింది. ఈ రోజుకూ అక్కడ ప్రతి డ్రైవరూ బస్సు ఆపి, దిగి, ముందు చక్రాలను చేత్తో ఊపుతాడు. లోపల ఎవరూ మాట్లాడరు. సంతకు పోయే ఆడవాళ్ళు గంపలతో అక్కడిదాకా నడిచే వస్తారు. చక్రం పక్కన నిలబడి, చెవి పెట్టి వింటారు. ఆ తర్వాతే ఎక్కుతారు. గంప మాత్రం ఒళ్ళోనే పెట్టుకుంటారు.