రాజబడిలో చెప్పకూడని మాట

కుంభగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ప్రచండవర్మ ఏలేవాడు. తనకు తెలియనిదంటూ లోకంలో లేదని ఆయన నమ్మకం. ఆయన కొలువులో కొమ్మన అనే చమత్కారి ఉండేవాడు. అందరినీ నవ్వించే ఆ మనిషికి కొన్నాళ్ళుగా కంటి మీద కునుకు లేదు.

ఎందుకంటారా? కూతురు గౌరక్కను ఏ బడిలో వెయ్యాలో తేలక. ఊళ్ళో బళ్ళు రెండు. ఒకటి రాజుగారు కొత్తగా కట్టించిన రాజబడి. పాలరాతి అరుగులు, పిల్లలకు పట్టుబట్టలు, మోయలేనంత రుసుము. రెండోది వీధి బడి. అక్కడ రుసుమూ లేదు, సరైన కప్పూ లేదు. వాన పడితే పంతులుగారు పిల్లల్ని ఓ మూలకు చేర్చి పాఠం చెప్పేవారు.

"నా చేతుల బంగారు మురుగులు అమ్మెయ్యండి," అంది భార్య మాచమ్మ. "రేపు పిల్ల వెనకబడితే మనల్నే అంటుంది."

"అమ్మడం ఎంతసేపే? అమ్మాక అక్కడ చదువే లేదని తేలితే?"

కొమ్మన రెండు బళ్ళూ చూసొచ్చాడు. రాజబడిలో 'తెలియదు' అంటే బెత్తం దెబ్బే. అంత రుసుము కట్టినవాళ్ళ పిల్లలు ఆ మాటంటే బడికి పరువు తక్కువట! అది చూశాక అతని బెంగ రెట్టింపయింది.

మర్నాడు రాజు అడగనే అడిగాడు. "విజయదశమికి నీ కూతురు మా బడిలోనే కదా చేరేది? వీధి బడికి పంపావో, ఈ కొలువులో నీకు చోటుండదు!"

కొమ్మన ఒక అడుగు ముందుకేశాడు. "చిన్న పరీక్ష పెట్టనివ్వండి మహారాజా. ఆపైన మీ ఆజ్ఞ."

సాయంత్రం సభలోకి ఎర్రపట్టు కప్పిన పంజరం వచ్చింది. రెండు బళ్ళ పిల్లలూ వచ్చారు.

"ఇందులో పక్షి ఎలా ఉంటుందో చెప్పాలి," అన్నాడు కొమ్మన.

"ఇదీ ఒక పరీక్షేనా?" రాజు మీసం దువ్వాడు. "ద్వీపాంతరపు చిలుక. నీలి రెక్కలు. మేమెరుగని పక్షా!"

"నీలి రెక్కలే ప్రభూ!" రాజబడి పిల్లలు గొంతు కలిపారు. "బంగారు ముక్కు!" "సంస్కృతంలో పాడుతుంది!"

సభ చప్పట్లు కొట్టింది. వీధి బడి నుంచి వచ్చిన పేరమ్మ అనే పిల్ల మాత్రం పెదవి కొరుక్కుంటూ నిలబడింది. కొమ్మన ఆమెకు ముందుగా ఏమీ చెప్పలేదు. ఈ పిల్ల కూడా 'నీలి రెక్కలు' అంటే తన పని అయిపోయినట్టే.

"నాకు తెలియదండీ," అంది పేరమ్మ.

అంతా గొల్లున నవ్వారు.

"తెర తీసి చూడొచ్చాండీ?"

చూసింది. పంజరం ఖాళీ!

 రాజు మొహం కందగడ్డయింది.

కొమ్మన చేతులు జోడించాడు. "మహారాజా, ఒక బడిలో తెలియదంటే దెబ్బ. ఇంకో బడిలో తెలియకపోతే చూసి రమ్మంటారు. నా బిడ్డను ఎక్కడికి పంపమంటారు?"

రాజు ఆ ఖాళీ పంజరం వంక చూశాడు. "సరే, అక్కడికే పంపు. మరి అక్కడ చదివితే నీ కూతురు గొప్పదవుతుందా?"

"తెలియదు మహారాజా!"

రాజు పకపకా నవ్వాడు. తన ముత్యాల హారం తీసి కొమ్మన మెడలో వేశాడు. రాజబడిలో బెత్తాలు తీయించాడు, వీధి బడికి పెంకులు నేయించాడు.

ఆ దశమి నాడు వాన కురిసింది. గౌరక్క వీధి బడిలో తడవకుండా కూర్చుని అక్షరాలు దిద్దుకుంది. మురుగులు మాచమ్మ చేతులకే ఉన్నాయి.